రెండు బానల కదిరమ్మ

ఎర్రబండపల్లి కదిరమ్మకు ఉన్న జబ్బు ఒక్కటే. కంప్యూటరు ఎక్కడ నోరు తెరిచినా దాని గొంతు బాగాలేదని తేల్చేస్తుంది. తేల్చి ఊరుకోదు, దానికి తన స్టీరియో తగిలించేదాకా ఆమెకు బువ్వ దిగదు. ఆ కంప్యూటరు ఎవరిది, వాళ్ళు అడిగారా, వాళ్ళకసలు సౌండుతో పనుందా అన్నవి ఆమె దృష్టిలో చిల్లర సంగతులు. ఆకలైనవాడికి సంగటి ముద్ద పెట్టడానికి అర్జీ కావాలా?

2005లో ఆ ఊళ్ళో కంప్యూటర్లు ఎన్నో లేవు. కుందుర్పి దాటి కర్ణాటక వైపు పోయే దారిలో, బస్సు ఆగినా ఆగకపోయినా పెద్దగా తేడా పడని ఊరు అది. వానకన్నా గాలి ఎక్కువ, మనుషులకన్నా గొర్రెలు ఎక్కువ. ఉన్న కంప్యూటర్లలో ఒకటి రైతుల సొసైటీ ఆఫీసులో, మిగిలినవి హైస్కూల్లో. అరవై దాటిన కదిరమ్మ వాటన్నిటికీ పరీక్ష పెట్టింది. అన్నీ తప్పాయి.

ఆమె భర్త ఆదెన్న ఒకప్పుడు పెండ్లిండ్లకూ జాతరలకూ మైకుసెట్లు బాడుగకిచ్చేవాడు. ఆయన పోయాక పెద్ద ఆంప్లిఫయర్లూ హారన్లూ ఆయన తమ్ముడు బండికెత్తుకుపోయాడు. కదిరమ్మకు మిగిలింది ఇంట్లో పాటలు వినడానికి ఆదెన్న కొన్న చవక స్టీరియో డెక్కు ఒకటి, పెట్టెల్లేని రెండు స్పీకర్లు, నులక మంచం కింద గోతాం నిండా క్యాసెట్లు. స్పీకర్లకు పెట్టెలు చేయించే స్తోమత లేక ఆమె వాటిని రెండు మట్టి బానల మూతులకు కట్టింది. బాన లోపల గాలి తిరిగి వచ్చే ఆ గుమ్మటపు మోతకు ఆమె పెట్టుకున్న పేరు బేసు.

"బేసు లేని గొంతు ఉప్పులేని సంగటప్పా" అనేది ఆమె సిద్ధాంతం. ఈ మాట ఆమె సొసైటీ గుమస్తా వీరేష్‌కు చెప్పిన రోజు అతని జాతకంలో మంచి రోజు కాదు.

ఏదో కాగితం పనిమీద సొసైటీకి పోయింది ఆమె. అప్పుడే వీరేష్ కంప్యూటరు ఆన్ చేశాడు. అది తనకు చేతనైనంత సన్నగా ఓ రాగం తీసింది.

"వీరేశా, అది ఏడుస్తాందా, నవ్వుతాందా?"

"అది అంతే పెద్దమ్మా. ఆన్ అయితే అట్ల కూస్తాది."

"దోమ గూడా అంతకన్నా గట్టిగా కూస్తాది గదప్పా!"

మర్నాడు తెల్లారేసరికి ఒక బాన చంకలో, ఒక బాన నెత్తిన, డెక్కు గొర్రెలకాపరి ఒకతని భుజాన పెట్టించుకుని వచ్చేసింది. వీరేష్ వద్దంటుండగానే డెక్కు వెనక ఎర్ర బొక్కలో ఒక వైరు, తెల్ల బొక్కలో ఒక వైరు పెట్టి, మూడో కొసను కంప్యూటరు వీపున గుచ్చింది. అది వేరుశనగ విత్తనకాయల పంపిణీ రోజు. బయట రైతులు బారుగా నిలబడి ఉన్నారు. లోపల వీరేష్ ఒక పేరు తప్పు కొట్టాడు. కంప్యూటరు తప్పు చూపించే "డంగ్" అనే చప్పుడు రెండు బానల్లోంచి గుడిగంటలాగా బయటికొచ్చింది.

"ఎవరిదప్పా పేరు పోయింది?" అన్నాడు వరసలోంచి ఒకతను.

మళ్ళీ డంగ్.

"ఇంగొకరిది పోయినట్టుండాది!"

వరస విరిగిపోయి జనం కిటికీకి ఎగబడ్డారు. మధ్యాహ్నానికి వీరేష్ రెండు చేతులూ జోడించి, "పెద్దమ్మా, నీ కాళ్ళకు మొక్కుతా, ఈ కుండలు తీసుకొనిపో. నాకు పెండ్లి గూడా కాలేదు" అన్నాడు. కదిరమ్మ నొచ్చుకోలేదు. మందు చేదన్నవాడిని చూసినట్టు జాలిగా చూసి బాన నెత్తికెత్తుకుంది.

ఇవన్నీ సారాకు తర్వాత తెలిసిన సంగతులు. ఆమె ఆ ఊరికి వచ్చింది స్కూల్లో కంప్యూటరు పాఠాలు చెప్పడానికి. బుక్కరాయసముద్రం దగ్గర పల్లె ఆమెది, కూలిపనులు చేసుకునే కుటుంబం. అనంతపురంలో కంప్యూటరు కోర్సు చదివింది. ఏడాది కాంట్రాక్టు ఉద్యోగం, ఊళ్ళోనే ఉండాలన్నది షరతు. షరతు లేకపోయినా గత్యంతరం లేదు, అనంతపురం నుంచి మొదటి బస్సు వచ్చేసరికి స్కూల్లో రెండు పీరియడ్లు అయిపోతాయి. గది దొరికితే ఉద్యోగం ఉంటుంది, దొరక్కపోతే ఉండదు.

గదులు ఉన్నాయి. మొదటి ఇంట్లో మజ్జిగ కూడా ఇచ్చారు. గది చూపించారు, కిటికీ తెరిచి గాలెట్లా వస్తుందో చూపించారు. ఆ తర్వాత, "మీరేమిటోళ్ళమ్మా?" అని అడిగారు. సారా చెప్పింది. "అయ్యో, ఈ గది మా తమ్ముడికని అనుకున్నామే, మరిచేపోయినా" అంది ఇంటావిడ. రెండో ఇంట్లోనూ ఒక తమ్ముడు రాబోతున్నాడు. మూడో ఇంట్లోనూ అంతే. ఆ రోజు రావలసిన తమ్ముళ్ళందరూ నిజంగా వచ్చి ఉంటే ఎర్రబండపల్లి పట్టేది కాదు.

సాయంత్రానికి ఊరి చివరి వీధిలో, ఒక చేత పెట్టె, పక్కన గోనెసంచిలో చుట్టిన కంప్యూటరుతో కదిరమ్మ గడప ముందు నిలబడింది. తిట్టించుకోవడం కన్నా ముందే చెప్పేయడం మేలని నోరు తెరిచింది.

"అవ్వా, గది కావాల. ముందే చెప్తాండా, మేము..."

"ఆ మూటలోది కంప్యూటరా?"

"అవునవ్వా. మేము..."

"స్పీకర్లు యాడ?"

సారా సంచిలోంచి పిడికెడు పిడికెడు ఉన్న రెండు ప్లాస్టిక్ స్పీకర్లు తీసి చూపించింది. కదిరమ్మ ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని తూచింది.

"ఇవి స్పీకర్లా, చెవి కమ్మలా? ల్యా ల్యా, ఇట్లయితే కుదరదు. లోపలికి రా. ఇది చూస్తాంటే కడుపు తరుక్కపోతాంది."

ఆ విధంగా సారాకు గది దొరికింది. తను ఏమిటోళ్ళో చెప్పే అవకాశం మాత్రం చివరిదాకా దొరకలేదు.

గది పక్కవాటాలో. స్కూలు అయిపోయాక పిల్లలు ఇళ్ళకు పోతారు, మిగతా పంతుళ్ళు కుందుర్పి బస్సెక్కుతారు. ఆ తర్వాత మళ్ళీ పొద్దున బెల్లు కొట్టేదాకా సారాను ఎవరూ పేరు పెట్టి పిలవరు. వీధి వాళ్ళు మర్యాదగానే ఉంటారు. ఎదురైతే నవ్వుతారు, నవ్వి అవతలి పక్కకు జరుగుతారు. మొదటి వారంలో ఆమె ఒక సాయంత్రమంతా కంప్యూటరులో పేకముక్కలాట ఆడి, గెలిచి, ఎవరికి చెప్పాలో తెలియక ఆపేసింది.

ఆ ఒంటరితనంలోకి కదిరమ్మ రెండు బానలతో దిగింది.

గదికి రెండు మూలలా రెండు బానలు. వాటికి సరిగ్గా నడుమ ఒక గోనెపట్ట. "స్టీరియో అంటే ఏమనుకుంటివి పాపా? నట్టనడుమ కూచోవాల. ఈ పక్కకు జరిగితే కుడి చెవికి నష్టం, ఆ పక్కకు జరిగితే ఎడమ చెవికి నష్టం" అని ఆమెను ఆ గోనెపట్ట మీద కూర్చోబెట్టేది. సారా వంగి పుస్తకం అందుకోబోతే, "కదలొద్దు!" అని కేక. సారా తుమ్మినా తప్పే.

పోనీ అంత చేశాక సౌండు బాగుపడిందా అంటే, నిజం చెప్పాలి, బాగుపడింది. ప్లాస్టిక్ స్పీకర్లలో జలుబు చేసినట్టు వినిపించే గొంతులు బానల్లో మనిషి గొంతులయ్యాయి. కాకపోతే వెనకాలే ఒక హమ్ము కూడా వచ్చింది. ఊఁ... అని, కడుపునొప్పి వచ్చిన ఎద్దు మూలిగినట్టు. పొలాల్లో బోరుమోటార్లు ఆన్ చేసే వేళకు కరెంటు నీరసించి ఆ మూలుగు ఇంకా పెరిగేది.

"ఎర్తు ఎండిపోయిందమ్మీ" అంది కదిరమ్మ, రోగం కనిపెట్టిన వైద్యుడిలా.

ఇంటి వెనక ఆదెన్న తవ్వించిన గుంత ఉంది. ఉప్పూ బొగ్గూ వేసి ఇనుప పైపు పాతి, కరెంటు మీటరు నుంచి ఎర్తు వైరు దానికి కలిపాడు. గుంత తడిగా ఉంటేనే ఎర్తు పనిచేస్తుందనీ, ఎర్తు పనిచేస్తేనే హమ్ము పోతుందనీ ఆయన చెప్పేవాడట. "భూమికి దప్పికైతే మూలగదా మరి? రోజూ రెండు బిందెలు పోయాల."

"నీళ్ళా అవ్వా? ఈ ఎండల్లోనా?"

మూడేళ్ళుగా వానల్లేవు. ఊరికి ట్యాంకరు వస్తే గానీ గొంతు తడవదు, అది కూడా దినం మార్చి దినం. ట్యాంకరు హారను వినిపిస్తే చాలు, వీధి వీధంతా బిందెలతో ఉరుకుతుంది. ఆ నీళ్ళు తెచ్చి గుంతలో పోస్తే జనం రాళ్ళతో కొట్టరా?

కొట్టలేదు గానీ, నవ్వి నవ్వి అలిసిపోయారు. "కదిరమ్మక్కా, ఎర్తుకు ఒక బిందె చాల్తాదా, బువ్వ గూడా పెడ్తావా?" అని వరసలో ఆడవాళ్ళు. "పెడ్తా, నీకేం?" అని ఈమె. తన వంతు రెండు బిందెలు, ఎర్తు వంతు రెండు బిందెలు. పిచ్చిదానితో వాదన ఎందుకని వాళ్ళు పట్టుకోనిచ్చేవాళ్ళు.

ట్యాంకరు వచ్చినప్పుడల్లా సారాకు ఒక ఉద్యోగం ఉండేది. తను కూడా బిందె పట్టుకుని బయల్దేరబోతే కదిరమ్మ గుమ్మానికి అడ్డం నిలబడేది.

"నువ్వు యాడికి? నువ్వు పోయి గోనెపట్ట మీద కూచో. కంప్యూటరు ఆన్ చెయ్యి. నేను గుంతలో పోస్తాంటే హమ్ము తగ్గుతాందా లేదా వినాల. చెవి పెట్టి విను. కదలొద్దు."

సారా కూర్చునేది. కాసేపటికి ఇంటి వెనకనుంచి కేక.

"తగ్గిందా?"

"లేదవ్వా."

"ఇప్పుడు?"

"అట్లే ఉండాది!"

"సరిగా కూచోలేదు నువ్వు! నట్టనడుమ కూచో!"

ఈ పరీక్ష అయ్యేసరికి ట్యాంకరు పోయేది. తర్వాత కదిరమ్మ ఆమె గడపలో నిండు బిందె ఒకటి దించేది. "ఎర్తుకు పోయంగా మిగిలింది. పారబోయలేక పెట్టినా. వాడుకో." భూమి తాగి వదిలిన ఎంగిలి నీళ్ళు తాగుతున్నట్టు సారాకు చిన్నతనంగా ఉండేది. తన బతుకు ఎంతకొచ్చిందంటే, ఒక ఇనుప పైపు తర్వాత వంతు తనది.

సాయంత్రాలు కదిరమ్మ గోతాంలో క్యాసెట్లు బయటికి తీసేది. ఆదెన్నకు ఒక అలవాటుండేది, తన మైకులో ఎవరేం మాట్లాడినా రికార్డు చేసి పెట్టుకునేవాడు. టేపులు సాగిపోతున్నాయి, కంప్యూటరులోకి ఎక్కించమంది. సారా డెక్కు నుంచి కంప్యూటరులోకి వైరు తిప్పి ఒక్కొక్కటే ఎక్కించింది. బానల్లోంచి పాత ఊరు మాట్లాడేది. పెండ్లిలో కట్నాలు చదివే గొంతు. జాతరలో తప్పిపోయిన పిల్లవాడి కోసం, "నీలం చొక్కా, కుడి చెంపన మచ్చ, పేరడిగితే చెప్పడు" అని అరిచే గొంతు. ఆ పిల్లవాడు దొరికాడో లేదో టేపులో లేదు. ఒకచోట ఆదెన్నే, "హలో, హలో, మైకు టెస్టింగు" అన్నాడు. సారా ఓరకంట చూసింది. కదిరమ్మ ముఖంలో ఏమీ కదల్లేదు.

"బేసు తక్కువైంది" అంది అంతే.

ఇద్దరు ఆడవాళ్ళు, పాతికేళ్ళ వాళ్ళొకరు, అరవై దాటిన వాళ్ళొకరు, మాట్లాడుకోవడానికి తమకేమీ లేక ఎవరెవరి మాటలో వింటూ కూర్చునేవాళ్ళు. హమ్ము మాత్రం తగ్గలేదు.

వేసవి ముదిరాక వానల కోసం ఊరి దేవర, అంటే గ్రామదేవత జాతర, చేయాలని పెద్దలు అనుకున్నారు. బంధువులొస్తారు, వీధులు ఊడ్పించాలి, సున్నాలు వేయించాలి. వాటితోపాటు ఇంకొకటి కూడా సర్దాలని కొందరికి తోచింది. పొద్దు వాలే వేళ మాజీ సర్పంచు తిప్పన్న నలుగురిని వెంటబెట్టుకుని కదిరమ్మ ఇంటికొచ్చాడు. ఎదురింటాయనే. మంచివాడని పేరు, ఎవరికీ ఎదురుగా కాదని చెప్పలేడు. పక్కగదిలో సారా పరీక్ష పేపర్లు దిద్దుతోంది. తలుపు తెరిచే ఉంది, ప్రతి మాటా వినిపిస్తోంది.

"కదిరమ్మా, మాకైతే ఏం లేదు" అని మొదలుపెట్టాడు తిప్పన్న. ఏమీ లేనివాళ్ళు అంతమంది కలిసి రారని సారాకు తెలుసు.

"ఏం లేకపోతే కూచోన్నా."

"కూచునే పని కాదు. వచ్చేపోయే వాళ్ళు అడుగుతాండారు. ఆ పంతులమ్మను... దేవర లోపల ఖాళీ చేయిస్తే బాగుంటాది. ఆ యమ్మ మంచిదే. కానీ వీధి అన్నాక ఒక పద్ధతుంటాది గదా."

"పద్ధతి ఉండాలన్నా. ఇప్పుడు నువ్వు వచ్చినావు, ఆడ నిలబడి మాట్లాడతాండావు. అది పద్ధతేనా? లోపలికి రా. నట్టనడుమ కూచో."

"యాడ?"

"ఆ గోనెపట్ట మీద."

"నేను చెప్పేది వినమ్మా..."

"నేనెట్ల వినాల? నువ్వే వినాల. నీ గొంతు ఎట్లుంటాదో నువ్వెప్పుడైనా విన్యావా?"

తన గొంతు అనగానే తిప్పన్న కాస్త మెత్తబడ్డాడు. రాజకీయాల్లో తిరిగినవాడు కదా. సారా గదిలోకి వచ్చి, రెండు బానల మధ్య, రోజూ ఆమె కూర్చునే గోనెపట్ట మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. వెంట వచ్చినవాళ్ళు గుమ్మంలో తలలు పెట్టారు. వాళ్ళ వెనక వీధి ఆడవాళ్ళు.

సారా గోడకు ఆనుకుని నిలబడింది. ఖాళీ చేయమంటే ఎక్కడికి పోవాలో ఆమె అప్పటికే లెక్క వేసుకుంటోంది. ఈ ఊళ్ళో ఇంకో గది లేదు. గది లేకపోతే రేపటి ఉద్యోగమూ లేదు.

"పాపా, ఎలక్షన్ టేపు ఎక్కించినాం గదా. అది పెట్టు" అంది కదిరమ్మ.

సారా కంప్యూటరు దగ్గరికి పోయి ఆ టేపు వెతికింది. మౌసు రెండుసార్లు జారింది. బానలు ఒకసారి గర్జించి, పదేళ్ళ కిందటి తిప్పన్నను గదిలోకి వదిలాయి.

"సోదరులారా! సోదరీమణులారా!"

తిప్పన్న వీపు నిటారైంది. గుమ్మంలో వాళ్ళు, "అన్నా, నువ్వేనా!" అన్నారు. ఇంత గంభీరమైన గొంతు తనదేనని తిప్పన్నకూ నమ్మకం కలగడానికి కాసేపు పట్టింది. నమ్మకం కలిగాక మీసం మీదికి చెయ్యి పోయింది.

"తిప్పన్నకు కులం లేదు! మతం లేదు!" అన్నాయి ఎడమ బానా, కుడి బానా. "తిప్పన్న ఇల్లు తిప్పన్నది కాదు, మీ అందరిదీ! మాలోడు రానీ, మాదిగోడు రానీ, తురకోడు రానీ! ఏ పొద్దున వచ్చినా నా ఇంటి తలుపు తెరిచే ఉంటాది! నా కడవలో నీళ్ళు తాగండి! నా పీట మీద కూర్చోండి!"

మీసం మీది చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

గుమ్మంలో ఎవరో కిసుక్కుమన్నారు. వెనకనుంచి ఒక ఆడగొంతు, "అన్నా, ఆ కడవ ఇంగా ఉండాదా, పగిలిపోయిందా?" అంది. ఒకరి నవ్వు ఇంకొకరికి అంటుకుంది. తిప్పన్న భార్య రామలక్ష్మమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎలక్షన్లో మాట్లాడినవి... అప్పుడు ఏదో ఊపులో..." అన్నాడు తిప్పన్న.

"మాటల సంగతి నాకెందుకన్నా" అంది కదిరమ్మ అమాయకంగా. "గొంతు చూడు. సింహం మాదిరి లేదా? ఈ చిన్న స్పీకర్లలో విన్నామనుకో, మేకపిల్ల. ఆ బేసు ఈ పాప కంప్యూటరుది. పాప పోతే కంప్యూటరు పోతాది. కంప్యూటరు పోతే నీ గొంతు గూడా పోతాది. మల్లా నీ ఇష్టం."

తిప్పన్న ఆలోచించాడు. వచ్చే ఏడు పంచాయతీ ఎన్నికలు.

"దీన్ని సీడీ చేయొచ్చంట గదా?"

"చేయొచ్చు. కానీ చానా పనుండాది. ఎలక్షన్ల దాకా పడతాది. ఏం పాపా?"

"పడతాదవ్వా" అంది సారా. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

తిప్పన్న లేచి పంచె దులుపుకున్నాడు. గడప దాటుతూ వెంటవచ్చిన వాళ్ళతో, "దేవరకు వచ్చేవాళ్ళు దేవర చూసి పోతారు గానీ, ఎవరింట్లో ఎవరుండారని చూస్తారా? మీదంతా చాదస్తం" అని వాళ్ళనే కోప్పడ్డాడు.

దేవర అయిపోయింది. వాన రాలేదు. కదిరమ్మకు జ్వరం వచ్చింది. మూసిన కన్ను తెరవకుండా మంచంలో ఉన్నప్పుడు ట్యాంకరు హారను వినిపించింది. హమ్ము వినమనేవాళ్ళు లేరు కాబట్టి సారా మొదటిసారి బిందె పట్టుకుని వీధిలోకి పోయింది.

ఆమె వరస చివర బిందె పెట్టింది. ముందున్న బిందె కాస్త ముందుకు జరిగింది. దాని ముందుది ఇంకాస్త. రబ్బరు పైపు దగ్గర మాటలు ఆగిపోయాయి. వెనక వచ్చిన వాళ్ళు ఆమె పక్కనుంచి ముందుకు పోయి బిందెలు పెట్టుకున్నారు. కాసేపటికి రామలక్ష్మమ్మ, పాపం కోపంగా కూడా కాదు, నేల చూస్తూ అంది.

"నువ్వెందుకొచ్చినావమ్మీ? మీ నీళ్ళు కదిరమ్మక్క గదా పడతాది. మొదటి రోజే చెప్పింటిమి, నీ బిందె ఈడ పెట్టనీకి కొందరు ఒప్పుకోరని. దానికి అక్క, 'సరే, పాపను రానీను, నా ఎర్తుకు మాత్రం రెండు బిందెలు అడ్డం చెప్పొద్దండి' అనె."

సారా ఖాళీ బిందెతో వెనక్కు వచ్చింది. ఇంట్లోకి పోలేదు, నేరుగా ఇంటి వెనక్కు పోయింది. ఎర్తు గుంత ఎముకలా ఎండిపోయి ఉంది. బొగ్గు మీద దుమ్ము, దుమ్ము మీద చీమలబారు. ఆ గుంతలో నెలల తరబడి చుక్క పడలేదు.

"అవ్వా, గుంతలో ఎప్పుడైనా నీళ్ళు పోసినావా?"

కదిరమ్మ ఒక కన్ను తెరిచింది. "మొదట్లో ఒక చెంబు పోసినా. అది తాగింది గానీ మూలుగు మానలే. భూమికి పోస్తే ఏమొస్తాది? నువ్వు తాగితే పాఠమన్నా చెప్తావు."

"మరి ప్రతిసారీ 'తగ్గిందా, తగ్గిందా' అని అరుస్తాంటివి?"

"అరవకపోతే నువ్వు బిందెత్తుకొని పోతాంటివి."

సారా మంచం పట్టె మీద కూర్చుంది. కోపమో మరొకటో తెలియలేదు. "నాకు చెప్పొచ్చు గదా? వాళ్ళను అడగొచ్చు గదా?"

"అడగొచ్చు. ఒక దినం కొట్లాడతా. రెండో దినం గూడా కొట్లాడతా. మూడో దినానికి నాకు మోకాళ్ళ నొప్పి. తెలివైనదానితో అయితే కొట్లాడతారు పాపా. పిచ్చిదానికైతే పక్కకు జరిగి దారిస్తారు, రెండు బిందెలు ఎక్కువ గూడా ఇస్తారు."

"అయితే ఈ సౌండు..."

"సౌండంటే నాకు తలనొప్పి" అంది కదిరమ్మ. చెవుల మీది కొంగు పక్కకు లాగి, చెవిలోంచి వేలెడు పత్తి తీసి చూపించింది. "ముప్పై ఏండ్లు ఆ మైకులతో మా ఆయన నా తలకాయ తినె."

సారా ఆ పత్తిని అందుకుని చూసింది.

"ఆయన పోయినాక ఇల్లు మూగదైపాయ. ఎవరింటికన్నా పోయి కూచుంటామంటే 'ఏం పనిమీద వచ్చినావు' అంటారు. ముసలిదానికి ఏం పనుంటాది? వైరు చేతిలో ఉంటే ఎవరూ అడగరు. తిడతారు, నవ్వుతారు. మాట్లాడినట్టే గదా."

"నాకు గదిచ్చే రోజు స్పీకర్లు ఎందుకడిగినావు మరి?"

"ఇల్లిచ్చేటప్పుడు ఏదో ఒకటి అడగాల గదా. ఊరందరూ అడిగింది నేను గూడా అడిగితే నువ్వు ఏడుస్తాంటివి. ఇంగ నాకు తెలిసింది అదొక్కటే." ఆమె అటు తిరిగి పడుకుంది. "జ్వరమొచ్చిన దాన్ని ఇంత మాట్లాడిస్తారా ఎవరన్నా?"

మళ్ళీ ట్యాంకరు వచ్చిన రోజు సారా మళ్ళీ పోయింది. ఈసారి వరస చివర కాదు, నేరుగా పైపు దగ్గరకు పోయి నిలబడింది. పైపు రామలక్ష్మమ్మ చేతిలో ఉంది.

"ఎర్తుకా?" అంది ఆమె. అలా అని దారి చూపించినట్టే. అవునంటే చాలు, అందరూ జరుగుతారు.

"కాదక్కా" అంది సారా. "తాగేదానికి."

రామలక్ష్మమ్మ చేతిలో పైపు అట్లాగే ఉండిపోయింది. కిందనున్న బిందె నిండింది, పొర్లింది. నీళ్ళు ఎర్రమట్టిలోకి పారుతున్నాయి. మూడేళ్ళ కరువులో ఆ వీధి ఏదైనా చూసి ఓర్చుకోగలదు గానీ అది మాత్రం ఓర్చుకోలేదు.

"నీళ్ళు పోతాండాయే! ఎవురో ఒకరు బిందె పెట్టండే!" అని వెనకనుంచి నలుగురు ఒక్కసారే అరిచారు.

పైపుకు దగ్గరగా ఉన్నది సారా బిందె. ఆమె పెట్టింది. నిండాక రామలక్ష్మమ్మ పైపు పక్క బిందెకు మార్చి, గొంతు తగ్గించి అడిగింది.

"అమ్మీ, మా ఆయన ఆ పొద్దు నుంచీ ఒకటే సతాయిస్తాండాడు. మా టీవీకి గూడా ఆ బానలు కడతావా?"

సారా కట్టింది. ముందు గుమ్మంలోంచే లోపలికి పిలిచారు, వంటింటి పక్కనున్న టీవీ దాకా రానిచ్చారు. తాగడానికి నీళ్ళు ఇచ్చింది మాత్రం వేరే గ్లాసులోనే. ఊరు ఒక్కరోజులో మారుతుందని ఆమె అనుకోలేదు, గ్లాసు ఎందుకు వేరో గమనించనట్టూ నటించలేదు. తిప్పన్న ఇంట్లో వార్తలు సింహంలా వినిపించాక పక్కింటివాళ్ళు పిలిచారు, తర్వాత వాళ్ళ పక్కింటివాళ్ళు. తమ్ముడు రావలసిన మొదటి ఇంటివాళ్ళు కూడా పిలిచారు. తమ్ముడు ఇంకా రాలేదు.

నెల తిరిగేసరికి కుమ్మరి దగ్గర బానలు అయిపోయాయి. సాయంత్రం కరెంటు రాగానే వీధి వీధంతా ఒకేసారి ఉరిమేది. ఒకింట్లో అత్తాకోడళ్ళ తగువు, ఒకింట్లో వార్తలు, ఒకింట్లో భక్తి పాటలు, అన్నిటికీ వెనక ఊఁ అనే ఒకే మూలుగు. పడుకున్న కుక్కలు లేచి ఊరి బయటికి పోయేవి.

జ్వరం తగ్గిన కదిరమ్మ అరుగు మీద కూర్చుని రెండు చేతులతో కణతలు నొక్కుకుంటోంది. పక్కన సారా. ఎదురింటి గుమ్మంలోంచి రామలక్ష్మమ్మ కేకేసింది.

"కదిరమ్మక్కా! మా సౌండు మీ దాకా వస్తాందా?"

అందరి కళ్ళూ ఆమె మీదే ఉన్నాయి. ఇప్పుడు తలనొప్పి అంటే ఇన్నాళ్ళ పిచ్చీ దొంగపిచ్చి అయిపోతుంది. కదిరమ్మ ముఖం వెలిగించుకుంది.

"వస్తాందమ్మా! ఇంగ రొంత పెంచు!"

రామలక్ష్మమ్మ పెంచింది. అరుగు మీద చెంబు కదిలింది.

"అవ్వా, నాకు గూడా రొంత పత్తి ఇస్తావా?" అంది సారా.

కదిరమ్మకు వినపడలేదు. సారా నవ్వి అరచెయ్యి చాపింది. కదిరమ్మ కొంగు ముడి విప్పి, ఉన్న పత్తిని రెండు భాగాలు చేసింది. పెద్దది ఆమె చేతిలో పెట్టింది.